ఉద్దానంలో ద్రాక్ష గింజల క్యాప్సూళ్లు

సంపాదకులకు నమస్కారం.

మా ఊళ్లో రెండు నెలల కిందట ఉచిత ఆరోగ్య శిబిరమని చెప్పి బీపీ చూసినవారు, తిరిగి వెళ్లేలోగా ద్రాక్ష గింజల సారంతో చేసిన క్యాప్సూళ్ల డబ్బాలు అమ్ముకుని పోయారు. మా వదినగారు 1,850 రూపాయలు పోసి కొన్న డబ్బాను భూతద్దం పెట్టి చదివాను. ముందువైపు నల్లద్రాక్ష గుత్తి బొమ్మ, అడుగున ఆవగింజంత ఇంగ్లీషు అక్షరాల్లో ఇది వైద్య వినియోగానికి కాదన్న మాట ఉన్నాయి. అమ్మినవారు మాత్రం కీళ్లవాపు, బీపీ, కిడ్నీ మూడింటికీ ఇదే మందని నోటితో చెప్పారట. కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్షలో క్రియాటినిన్ ఇప్పటికే 2 దాటిన ఆవిడ అప్పటినుంచి బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. అదేమని అడిగితే, "ద్రాక్షపండే గదా బాబూ, ఏటవుతాది?" అన్నారు.

ద్రాక్షను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నల్లద్రాక్ష తొక్కలో ఆంథోసయనిన్లు, రెస్వెరట్రాల్, గింజల్లో ప్రోఆంథోసయనిడిన్లు అనే పాలీఫినాల్స్ (మొక్కల్లో సహజంగా ఉండే రసాయనాలు) ఉన్న మాట నిజమే. (ఆంథోసయనిన్లయితే జూన్‌లో మన రోడ్ల పక్కన గంపల్లో అమ్మే నేరేడుపళ్లలోనూ ఉంటాయి.) ల్యాబులో పెంచిన కణాలమీద ఈ పాలీఫినాల్స్ ప్రయోగిస్తే ఇన్‌ఫ్లమేషన్, అంటే ఒంట్లోని మంట, వాపు, తగ్గే సూచనలు కనిపించాయి. అయితే మనం మింగిన రెస్వెరట్రాల్ పేగుల్లోనూ కాలేయంలోనూ రూపం మారిపోయి, అసలు రూపంలో రక్తానికి చేరేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. ఇటలీలోని కియాంటి ప్రాంతంలో 65 ఏళ్లు దాటిన 783 మందిని తొమ్మిదేళ్లపాటు గమనించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఆహారం ద్వారా రెస్వెరట్రాల్ ఎక్కువగా అందినవారికి ఇన్‌ఫ్లమేషన్ గానీ, గుండెజబ్బులు గానీ, మరణాలు గానీ తగ్గినట్టు తేలలేదు. గింజల సారం బీపీని కొద్దిగా తగ్గించినట్టు కొన్ని చిన్న ప్రయోగాల్లో కనిపించినా, డాక్టరు రాసిన మాత్ర మానుకోవడానికి అది చాలదు.

కిడ్నీ మాట ఇంకా ఆందోళన కలిగించేది. మల్టిపుల్ మైలోమా అనే క్యాన్సర్ రోగులకు రోజుకు 5 గ్రాముల రెస్వెరట్రాల్ ఇచ్చి చూసిన ప్రయోగం, కొందరికి మూత్రపిండాలు దెబ్బతినడంతో 2010లో ఆగిపోయింది. ఆ జబ్బే కిడ్నీలను పాడుచేసేది, ఆ మోతాదూ చాలా పెద్దది, పైగా మా వదినగారి డబ్బాలో ఉన్నది గింజల సారం. కాబట్టి వాటితో అంత ముప్పు వస్తుందని నేననను. కానీ ఊరూరా కిడ్నీ రోగులు కనిపించే మా ఉద్దానంలోని సోంపేట, కవిటి, కంచిలి మండలాలకు వచ్చి, ఇది కిడ్నీకి మందని చెప్పే ధైర్యం ఎక్కడిది?

తప్పుదారి పట్టించే ప్రకటనకు 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 53వ సెక్షన్ కింద 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. నోటిమాటకు రసీదు ఉండదు గనక, ఆహార భద్రతాధికారులు డబ్బాల నమూనాలు తీసుకుని ఊరుకోకుండా ఇలాంటి శిబిరాలకు తామే వచ్చి అమ్మేవారు చెప్పేది వినాలని కోరుతున్నాను. అలాగే బీపీ, క్రియాటినిన్ చూసే ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ, పలాస కిడ్నీ ఆసుపత్రిలోనూ, డాక్టరు రాయని క్యాప్సూళ్లు ఏమైనా వాడుతున్నారా అని రోగిని అడిగి చీటీలో రాసే ఏర్పాటు చేయాలి. అడిగేవరకు ఎవరూ చెప్పరు. మా వదినగారూ చెప్పలేదు.

– ఒక విశ్రాంత ఫార్మసిస్టు,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా