మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: శెన లేని చేపల లెక్క

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

నేను విశాఖలో జువాలజీ లెక్చరర్‌ని. మార్చిలో ఒక ఆదివారం ఫిషింగ్ హార్బర్‌లో నాలుగు కిలోల వంజరం కొన్నాను. కత్తిపీట దగ్గరున్న అప్ప పొట్ట చీల్చి, రెండు వేళ్లు పెట్టి చూసి "శెన లేదు బాబూ" అంది. శెన అంటే చేప కడుపులోని గుడ్లు. ఇంత పెద్ద చేపకు లేకపోవడమేంటని అడిగాను. "అన్నిటికీ ఏటేటా ఉంటాదేటి?" అని నవ్వింది. అది మగదే కావచ్చు, నేను చూడలేదు. కానీ ఆమె అన్న మాట నన్ను వదల్లేదు.

ఏటేటా గుడ్లు పెట్టని చేపలు నిజంగానే ఉన్నాయి. ట్రౌట్ చల్లటి నీళ్ల చేప, మన సముద్రంలో ఉండదు. కెనడా ఉత్తరాన గ్రేట్ బేర్ లాంటి సరస్సుల్లోని లేక్ ట్రౌట్ ఎదిగాక కూడా ఏటా గుడ్లు పెట్టదు. అక్కడ వేసవి నాలుగు రోజుల ముచ్చట, మేత తక్కువ. గుడ్లు పెట్టే కాలానికి నెలల ముందే వాటి తయారీ మొదలవ్వాలి. అప్పటికి ఒంట్లో కొవ్వు చాలకపోతే ఆడచేప ఆ ఏడు మానుకుంటుంది. మొదలైన గుడ్లను తిరిగి ఒంట్లోకే ఇంకించుకోవడమూ ఉంది. జబ్బూ కాదు, గొడ్డుతనమూ కాదు. బతికుంటే వచ్చే ఏడు చూసుకోవచ్చని.

ట్రౌట్ గొడవ మనకెందుకంటారా? సముద్రంలో తిరిగే కాడ్ చేపలోనూ ఇదే చూశారు.

మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. అది ఉండాల్సిందే. కానీ చేపకు కొవ్వు పట్టేది ఆ 61 రోజుల్లోనే కాదుగా! వంజరం కవళ్లలాంటి చిన్న చేపలను తిని బతుకుతుంది. మిగతా పది నెలలూ పిల్ల కవళ్లను ఊడ్చి చేపల పొడికి పంపిస్తుంటే, నిషేధం నాటికి దాని ఒంట్లో ఏం మిగులుతుంది? పెద్ద ఆడచేపలన్నీ ఏటా గుడ్లు పెడతాయనుకుని, ఎన్ని పిల్లలొస్తాయో వేసే లెక్క అక్కడే తప్పొచ్చు.

మన చేపలూ మానేస్తున్నాయని నేననడం లేదు, చూడమంటున్నాను. నిషేధానికి ముందు నెలా, తర్వాత నెలా హార్బర్‌లో కత్తిపీటల పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టండి. పొడవు, బరువు, ఆడా మగా, శెన ఉందా అన్నది రాయించండి. శెన లేదంటే గుడ్లు పెట్టేసిందో, అసలు పెట్టలేదో కంటికి తెలియదు. అండాశయం ముక్కను మైక్రోస్కోప్‌ కింద చూడాలి. అందుకు సీఎంఎఫ్ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రం ఊళ్లోనే ఉంది. కోసే ఆడవాళ్లకు చేపకు ఇంతని ఇవ్వండి.

ఈ ఉత్తరం అప్పకు చదివి వినిపించాను. డబ్బులు ఏ రోజుకారోజు ఇస్తారా అని అడిగింది.

ఇట్లు,
ఒక జువాలజీ లెక్చరర్,
విశాఖపట్నం