పెడల్ వేగం కోసం కొత్తది కొనాలా?

ఎడిటర్ గారికి నమస్కారం. నా దగ్గర ఎంఎక్స్ఆర్ ఫేజ్ 90 అనే, గిటార్ శబ్దాన్ని అలలా ఊగించే పెడల్ ఉంది, ఆ ఊపు వేగానికి ఒక్కటే నాబ్, దాన్ని చివరిదాకా తిప్పినా ఇంకొంచెం వేగంగా ఊగితే బాగుండేదనిపించేది. షాపులో అడిగితే కొత్త మోడల్ కొనుక్కోమన్నారు. నిజానికి లోపల ఆ ఊపును నడిపే చిన్న సర్క్యూట్‌లో 15 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్ (విద్యుత్తును కాసేపు నిల్వ ఉంచే భాగం) ఒకటి ఉంటుంది, అది నిండి ఖాళీ అయ్యే సమయమే వేగాన్ని నిర్ణయిస్తుంది, కాబట్టి దాని బదులు 10 పెడితే వేగం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో కొని నేనే సోల్డర్ చేశాను, ప్లస్ మైనస్ తారుమారు కాకుండా రెండుసార్లు చూసుకుని మరీ. ఒక ఇబ్బంది ఉంది, నాబ్ నెమ్మది వైపు ఉన్నప్పటి వేగం కూడా అంతే పెరుగుతుంది. అందుకే 4.7 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్ ఒకటి చిన్న స్విచ్ ద్వారా దాని పక్కన సమాంతరంగా కలిపాను, స్విచ్ వేస్తే రెండూ కలిసి 14.7 అవుతాయి, మళ్లీ దాదాపు పాత వేగమే! నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. దయచేసి మీ ఆదివారం అనుబంధంలో ఇలాంటి చేతిపనులకు అరపేజీ అయినా ఇవ్వండి, టంకం పట్టడం నేర్చుకోవాలనుకునే పిల్లలు చాలామంది ఉన్నారు.

— ఒక పాఠకుడు, హైదరాబాద్