పిల్లలు గుడికి ఎందుకు రావడం లేదు?

సంపాదకులకు నమస్కారం.

కాలేజీ పిల్లలు గుడి మొహం చూడటం లేదని, పూజంటే చిరాకు పడుతున్నారని పెద్దవాళ్లు వాపోవడం మా తిరుపతిలోనూ మామూలైపోయింది. తప్పంతా సెల్‌ఫోన్ల మీదికి నెట్టేస్తున్నాం. ఆ పిల్లలు మన ఇళ్లలో ఏం వింటూ పెరిగారో కూడా చూడాలి.

తిరుపతిలో కాపురం ఉన్నవాళ్లకి ఈ ఫోన్లు బాగా తెలుసు. ఏళ్ల తరబడి పలకరించని చుట్టం ఫోన్ చేసి, బాగున్నారా అని అడిగిన మరుక్షణం ‘బ్రేక్ దర్శనానికి ఎమ్మెల్యే లెటర్ ఏమైనా దొరుకుతుందా?’ అంటాడు. సిఫార్సు లేఖ ఉంటే గంటల తరబడి క్యూలో నిలబడకుండా చేసుకునే వీఐపీ దర్శనం అది. ఇంటాయన అన్నం మధ్యలో లేచి తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేస్తాడు. లెటర్ దొరక్కపోతే చుట్టరికమే చెడిపోతుంది. పక్క గదిలో చదువుకుంటున్న పిల్లలు ఇదంతా వింటారు. లెటర్ ఉన్నవాళ్లకి ఒక దారి, గుళ్లు కట్టించే శ్రీవాణి ట్రస్టుకి రూ.10 వేలు ఇచ్చినవాళ్లకి ఒక దారి, రూ.300 టికెట్‌కి ఇంకో దారి, ఏమీ లేనివాళ్లకి కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి పడిగాపులు. స్వామి ముందు అందరూ సమానమేనని నేను బడిలో పాఠం చెప్పినవాణ్ణే. ఆ పిల్లలు దాన్ని ఎలా నమ్మాలి?

2025 జనవరి 8న ఇదే ఊళ్లో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. ‘లెటర్ ఉన్నవాళ్లెవరూ ఆ గుంపులో ఉండరు కదా సార్’ అంది మా వీధిలో డిగ్రీ చదివే అమ్మాయి. ఆ పిల్ల ఆ తర్వాత కొండకి వెళ్లలేదు.

చర్చికి, మసీదుకి వెళ్లే స్నేహితుల ఇళ్లలోనూ పిల్లల గురించి ఇదే దిగులు వింటున్నాను. లెక్కల్లో మాత్రం ఇది కనపడదు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద మతం పేర్కొననివాళ్లు 28 లక్షల పైచిలుకే, పావు శాతం కూడా కాదు. కాగితం మీద మతం రాయించుకుంటూనే మనసులో దూరమైనవాళ్లని ఏ లెక్కా పట్టుకోదు.

భక్తి చచ్చిపోయిందంటే మాత్రం నేను ఒప్పుకోను. మే నెలలో మా ఊరి గంగమ్మ జాతర వస్తే ఈ పిల్లలే బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు ఒళ్లంతా పూసుకుని, మండే ఎండలో తాతయ్యగుంట గుడి దాకా నడుస్తారు. వేషం కట్టడానికి ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. మొక్కుకుంటే చాలు.

సిఫార్సు దర్శనాలు పూర్తిగా ఎత్తేయాలన్నది నా కోరిక. అది ఒక్క రోజులో జరిగే పని కాదు. ఈలోగా మీ పత్రిక చేయగలిగింది ఒకటుంది. నిన్న శ్రీవారిని ఎంతమంది దర్శించుకున్నారో, హుండీకి ఎంత వచ్చిందో రోజూ వేస్తున్నారు. ఆ పక్కనే, వాళ్లలో సిఫార్సు లేఖల మీద వెళ్లినవాళ్లెందరో కూడా అధికారులని అడిగి వేయండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుపతి