పిల్లల చేతికి కార్డుతో పాటు పద్దు పుస్తకమూ ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

పిల్లలకు డబ్బు వాడకం నేర్పడానికి తల్లిదండ్రులు నెలకింత అని వేసి ఇస్తున్న ప్రీపెయిడ్ కార్డుల గురించి, ముప్ఫై ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేసిన ఉద్యోగినిగా, ఏడో తరగతి చదువుతున్న మనవడి చేతిలో అలాంటి కార్డును దగ్గరగా చూసిన అమ్మమ్మగా కొన్ని విషయాలు మీ పత్రిక ద్వారా తెలియజేయదలచాను.

మా చిన్నతనంలో సంక్రాంతికి పెద్దవాళ్లు చేతిలో పెట్టిన డబ్బును మట్టి హుండీలో వేసేవాళ్లం. అది బరువెక్కడం చేతికి తెలిసేది, పగలగొట్టిన రోజు చిల్లరంతా చాప మీద పోసి లెక్కపెట్టుకునేవాళ్లం. ఇప్పుడు పాల ప్యాకెట్టు నుంచి ఆటో కిరాయి దాకా అమ్మానాన్నలు ఫోనుతో స్కాన్ చేసి చెల్లిస్తుంటే, డబ్బు అయిపోతుందన్న సంగతి పిల్లల కంట పడే సందర్భమే రావడం లేదు. ప్రీపెయిడ్ కార్డులో నాకు నచ్చిన గుణం ఇక్కడే ఉంది. వేసినంతే ఉంటుంది, అప్పు పుట్టదు, అయిపోతే ఆగిపోతుంది.

మా మనవడికి మొదటి నెల ఒకటో తేదీన 600 రూపాయలు వేశాం. పదకొండో తేదీన జామెట్రీ బాక్సు కోసం స్టేషనరీ దుకాణానికి వెళ్తే డబ్బు చాలలేదు. కార్డులో మిగిలింది 41 రూపాయలే. మా అమ్మాయి వెంటనే మళ్లీ వేయబోతే నేను వద్దన్నాను. ఆ సాయంత్రం వాడి చేతే ఒక నోటుపుస్తకంలో ఖర్చులన్నీ రాయించాను. పెద్ద ఖర్చు బ్యాటు గ్రిప్పుకు పెట్టిన 150 రూపాయలొక్కటే; మిగతా 409 రూపాయలూ ఇరవై, ముప్ఫై చొప్పున చిప్సుకూ కూల్‌డ్రింకులకూ పోయాయి. వాడు ఆ కూడికను రెండుసార్లు చేసి చూసుకున్నాడు. నెలాఖరు దాకా అక్క పాత డబ్బాతో సరిపెట్టుకుని, తర్వాతి నెల డబ్బు పడగానే ముందు జామెట్రీ బాక్సే కొన్నాడు. అడిగినప్పుడల్లా నెల మధ్యలో నింపే తల్లిదండ్రులు అసలు కార్డు ఇవ్వకపోవడమే మేలని నా అభిప్రాయం. అలా నింపితే అది అడుగంటని బావి అని పిల్లలు నమ్ముతారు.

మూడో నెలలో పుస్తకంలోని లెక్కకూ కార్డులోని నిల్వకూ 49 రూపాయలు తేడా వచ్చింది. “నేనేం కొనలేదు అమ్మమ్మా” అంటూ పుస్తకం పట్టుకొచ్చాడు. విచారిస్తే అది సేవా రుసుమని, ఇంగ్లీషులో ఉన్న షరతుల్లో రాసే ఉందని కార్డు సంస్థ వాళ్లు చెప్పారు. ప్రీపెయిడ్ సాధనాలపై రిజర్వు బ్యాంకు 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు, రుసుములన్నిటినీ స్పష్టమైన, సులభమైన భాషలో, వీలైనంత వరకు స్థానిక భాషలో కూడా, కార్డు ఇచ్చేటప్పుడే తెలపాలని చెబుతున్నాయి. రూపాయి రూపాయికీ పద్దు రాయమని పిల్లవాడికి చెప్పిన మేమే ఆ 49 రూపాయలకు జవాబు చెప్పలేక నిలబడవలసి వచ్చింది.

మరో లోటు కూడా ఉంది. ఈ కార్డుల్లోని నిల్వపై వడ్డీ రాదు. కాబట్టి ఇవి ఖర్చును అదుపులో పెట్టడం నేర్పినా, దాచిన డబ్బు పెరగడాన్ని చూపలేవు. అది బ్యాంకు ఖాతాతోనే సాధ్యం. పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా తెరిచి నడుపుకోవడానికి రిజర్వు బ్యాంకు 2014లోనే వీలు కల్పించింది. 2025 ఏప్రిల్ 21న ఆ నిబంధనలను సవరిస్తూ, ఖాతాలో ఉన్నదానికి మించి తీసే వీలుండకూడదని, డెబిట్ కార్డు వంటి సౌకర్యాలు ఇవ్వడం బ్యాంకుల విచక్షణ అని స్పష్టం చేసింది. అయినా చాలామంది తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియదు. మా వీధిలో ఒకరు కూతురిని వెంటబెట్టుకుని వెళ్తే, పద్దెనిమిదేళ్లు నిండాక రమ్మని కౌంటరు దగ్గరే తిప్పి పంపారు.

రెండు తెలుగు రాష్ట్రాల్లోని బ్యాంకులు బడులు తెరిచే జూన్ నెలలో తమ సిబ్బందిని పాఠశాలలకు పంపి, పదేళ్లు దాటిన పిల్లలకు తల్లిదండ్రుల సమక్షంలో ఖాతాలు తెరిచి, రోజువారీ పరిమితి ఉన్న కార్డును, పిల్లవాడు తానే చదువుకోగలిగేలా తెలుగులో ముద్రించిన పాస్‌బుక్కును ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని,
తెనాలి