మార్తాండ ఆలయం కమానులు గ్రీకువి కావు

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో మీరు వేసిన కశ్మీర్ యాత్రా వ్యాసం బాగుంది, ఫొటోలు ఇంకా బాగున్నాయి. కానీ మార్తాండ సూర్యదేవాలయం ఫొటో కింద ‘గ్రీకు శైలి కమానులు’ అని రాశారు చూడండి, అది మాత్రం ఒప్పుకోలేకపోయాను.

ఆ ఫొటోనే మళ్లీ తీసి చూడండి. మధ్యలో పైకి లేచిన పెద్ద వంపు, దానికి అటూ ఇటూ కాస్త కిందగా రెండు చిన్న వంపులు, మారేడు దళాన్ని నిలబెట్టినట్టు ఉంటుంది. గ్రీకు గుళ్లలో స్తంభాల మీద అడ్డంగా రాతి దూలం పెట్టేస్తారు, ఇలాంటి కమాను అక్కడ వెతికినా దొరకదు. స్తంభాల సంగతి వేరు. మార్తాండ స్తంభాల మీద నిలువుగా చెక్కిన గాడులు చూస్తే గ్రీకు స్తంభాలు గుర్తొస్తాయి, నిజమే, ఆ పోకడ గాంధార ప్రాంతం (ఇప్పటి పాకిస్తాన్‌లో పెషావర్ వైపు) మీదుగా కశ్మీర్ చేరింది. 1848లోనే ఆంగ్లేయ సైనిక ఇంజనీరు కన్నింగ్‌హామ్ ఈ పోలికల గురించి రాశాడు. అలాగని స్తంభాలకు చెప్పిన మాటే కమానులకూ అంటగడితే ఎలా?

ఈ మూడు రేకుల ఆకారం మన బౌద్ధ చైత్యాల (ప్రార్థన మందిరాల) నుంచి పుట్టిందని పండితులు చాలాకాలంగా చెబుతున్నారు. చైత్యశాలను అడ్డంగా కోసినట్టు ఊహించుకోండి, నడిమి శాల ఎత్తుగా, పక్క నడవలు పొట్టిగా కనిపిస్తాయి, ఆ గీతే మూడు రేకుల కమాను. గాంధార బౌద్ధ గుళ్ల గూళ్లలో ఇది ముందే ఉంది. ఏలూరు జిల్లా గుంటుపల్లి గుహ ముఖం మీద, మాకు పక్కనే ఉన్న అలంపురం నవబ్రహ్మ ఆలయాల గోడల మీద కనిపించే గుర్రపు నాడా ఆకారపు గవాక్షాలదీ (కిటికీ ఆకారాలదీ) ఇదే వంశం. అలంపురం గుళ్లు, కశ్మీర్ రాజు లలితాదిత్యుడు కట్టించిన మార్తాండ ఆలయం కాలంలో కూడా దగ్గరదగ్గరగానే ఉంటాయి, 7, 8 శతాబ్దాలవి. ఇంత దగ్గర చుట్టరికం మన ఇంటి పక్కనే పెట్టుకుని గ్రీసు దాకా పోవడం నాకు బాధగా ఉంది.

మెదక్ చర్చి లాంటి గోతిక్ (యూరప్ మధ్యయుగాల శైలి) కట్టడాలు చూసిన వాళ్లు కొందరు ఇది యూరప్ నుంచి వచ్చిందనుకుంటారు. ఇంగ్లండులో మూడు రేకుల కమానులు బాగా కనిపించే సాలిస్‌బరీ కెథడ్రల్ పనులు మొదలైందే 1220లో, అప్పటికి మార్తాండ ఆలయానికి నాలుగు వందల ఏళ్లు దాటాయి. పైగా రెండింటి పనితనమూ ఒకటి కాదు. గోతిక్ మేస్త్రీలు వంపుకు తగ్గట్టు రాళ్లు చెక్కి, ఒకదాన్నొకటి నొక్కి పట్టేలా పేర్చి కమాను కట్టారు. కశ్మీర్‌లో చాలాచోట్ల రాళ్లను అడ్డంగానే పరిచి, పై వరుసను కొంచెం కొంచెం ముందుకు జరిపి, ఆ తర్వాత అంచును వంపుగా చెక్కారు. చుట్టూ ఉన్న నిటారు త్రికోణం, మంచు జారిపోవడానికి అక్కడి కొయ్య ఇళ్లకు వేసే వాలు కప్పును చూసి వచ్చిందంటారు.

మార్తాండ శిథిలమైపోయి ఇవన్నీ స్పష్టంగా తెలియడం లేదనుకుంటే పుల్వామా జిల్లా పాయర్ గుడి చూడాలి. చిన్న శివాలయం, నాలుగు వైపులా నాలుగు ద్వారాలు, ప్రతి ద్వారం పైన త్రికోణం, అందులో మూడు రేకుల గూడు, ఆ గూళ్లలో ఒకదాంట్లో నాట్యమాడే శివుడు. మధ్య వంపు దేవుడి తలకు చోటిస్తే పక్క వంపులు భుజాలకు, చేతులకు చోటిస్తాయి. ఊరికే అందం కోసం గీసిన గీత కాదని అక్కడ తెలిసిపోతుంది. ఇదే అమరిక లదాఖ్‌లో ఆల్చి బౌద్ధాలయం ముఖం మీద కొయ్యలో చెక్కి ఉంది.

మార్తాండ గురించి ఎవరు రాసినా ఎవరు పడగొట్టారన్న దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు. కట్టినవాళ్ల గురించి రెండు వాక్యాలు కూడా ఉండవు. ఆవరణ చుట్టూ 84 స్తంభాలు, వాటి వెనక చిన్న చిన్న గదులు, ఒక్కో గదికి ఇదే మూడు రేకుల ద్వారం. అది చెక్కిన చేతుల గురించి కూడా రాయండి.

మన ఊళ్ల నుంచి ఏటా ఎంతోమంది అమర్‌నాథ్ వెళ్తున్నారు. మా కర్నూలు మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారే అక్కడ అవంతిపుర మీదుగా పోతుంది, 9వ శతాబ్దంలో కశ్మీర్ రాజు అవంతివర్మ కట్టించిన గుళ్లు అక్కడే ఉన్నాయి. పహల్గాం దారిలో మట్టన్‌లో కొలను ఉన్న గుడి చూసి మార్తాండ చూసేశామనుకుని వచ్చేస్తుంటారు, పాత ఆలయం ఆ ఊరికి పైన మిట్ట మీద ఉంది. ఫొటో కింద మాటను సవరించి, ఈ వివరం కూడా ఒక మూల వేయండి, వచ్చే సీజన్‌లో వెళ్లేవాళ్లకు పనికొస్తుంది.

— ఒక పాఠకుడు, కర్నూలు