క్లోమానికి మామూలు పొట్ట సీటీ చాలదు

సంపాదకులకు నమస్కారం.

కామెర్లతో బరువు తగ్గిపోతున్న మనిషికి అల్ట్రాసౌండ్ రిపోర్టులో ‘క్లోమం పూర్తిగా కనిపించలేదు’ అని వస్తే, క్లోమం బాగుందని అర్థం కాదు. పేగుల్లోని గాలి అడ్డొచ్చి క్లోమం తోక భాగం తరచూ కనిపించదు. తర్వాత కావలసింది సీటీ. అదీ క్లోమం కోసమే చేసే రెండు దశల సీటీ. పరీక్ష చీటీలో డాక్టరు ఆ మాట స్పష్టంగా రాయాలి.

తేడా అంతా సెకన్లలోనే ఉంది. అవయవాలు స్పష్టంగా కనిపించేలా చేసే కాంట్రాస్ట్ మందును రక్తనాళంలోకి సెకనుకు 4-5 మిల్లీలీటర్ల వేగంతో ఎక్కిస్తే, సుమారు 40-50 సెకన్లకు క్లోమం బాగా మెరుస్తుంది. రక్తం తక్కువగా అందే అడినోకార్సినోమా గడ్డ (క్లోమంలో ఎక్కువగా వచ్చే క్యాన్సర్) అప్పుడే నల్లగా విడిపడి కనిపిస్తుంది. హార్మోన్ కణాల్లో పుట్టే న్యూరోఎండోక్రైన్ గడ్డలు చాలావరకు ఇందుకు విరుద్ధం, అవి తెల్లగా వెలుగుతాయి. 65-70 సెకన్లకు తీసే రెండో దశ, పేగుల రక్తాన్ని కాలేయానికి తెచ్చే పోర్టల్ సిరను, కాలేయంలోని మచ్చలను చూడడానికి. ఈ రెండో దశ ఒక్కదానితో సరిపెడితే చిన్న గడ్డ చుట్టూ ఉన్న క్లోమంలో కలిసిపోతుంది. చేతి వెనక పెట్టిన సన్నని క్యాన్యులాతో (మందు ఎక్కించే గొట్టపు సూదితో) అంత వేగం రాదు, మోచేతి మడత దగ్గర 18 లేదా 20 గేజ్‌ది ఉండాలి. స్లైసులు 3 మిల్లీమీటర్లు మించకూడదు. తాగడానికి మంచినీళ్లే ఇవ్వాలి. తెల్లగా కనిపించే ద్రావణం తాగిస్తే డుయోడినం (చిన్నపేగు మొదటి భాగం) పక్కనున్న క్లోమం తల భాగం అంచులు మరుగున పడతాయి.

ఇంత చేసినా కొన్ని గడ్డలు క్లోమం రంగులోనే ఉంటాయి. అప్పుడు క్లోమంలోని నాళాన్ని చూడాలి: ఉబ్బిన నాళం ఒకచోట ఉన్నట్టుండి తెగిపోయిందా? దాని వెనక క్లోమం ఎండిపోయిందా? ఈ గుర్తులుంటే, గడ్డ కనపడలేదని వదిలేయకుండా ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌కు (నోటి ద్వారా గొట్టం పంపి లోపలి నుంచి చేసే అల్ట్రాసౌండ్‌కు) పంపాలి. 2 సెంటీమీటర్లలోపు గడ్డలను పట్టడంలో అది సీటీ కన్నా మెరుగు, సూదితో ముక్క కూడా తీయవచ్చు.

మమ్మల్ని ఎక్కువగా బాధపెట్టేది స్టెంట్ తొందర. కామెర్లు తగ్గించాలని ముందు పిత్తనాళంలో స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే గొట్టం) వేసి, ఆనక సీటీకి పంపుతున్నారు. లోహపు స్టెంట్ చారలు చిత్రాన్ని చెరుపుతాయి. స్టెంట్ వేసే ప్రక్రియ వల్ల క్లోమం వాచిందంటే, వాపేదో గడ్డేదో చెప్పలేం. పేగులకు రక్తం తెచ్చే సుపీరియర్ మెసెంటెరిక్ ధమనిని గడ్డ తాకిందా, తాకితే 180 డిగ్రీలు దాటి చుట్టిందా అన్నదాన్ని కూడా చూసి నేరుగా ఆపరేషనా, ముందు కీమోనా అని ఆలోచిస్తారు. ఆ కొలతే అప్పుడు నమ్మకంగా తేలదు. చలిజ్వరంతో పిత్తనాళంలో ఇన్ఫెక్షన్ ఉంటే వేరే సంగతి, అక్కడ స్టెంట్ ఆపకూడదు. మిగతావారికి క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసుకుని, సీటీ ముందే చేయించండి.

ఇట్లు,
కొందరు రేడియాలజిస్టులం