నోట్‌బుక్‌లో ఖాళీ గళ్లు చూసి అడిగిన సిస్టర్‌కి, ఇంకొందరికి

పాప పుట్టి రెండు నెలలు దాటింది. ఈ పోస్ట్ ఎప్పుడో పెట్టాల్సింది, ఇవాళ కాస్త నిద్ర దొరికింది కాబట్టి రాస్తున్నా.

కడుపుతో ఉండగా నాకు 26వ వారంలో షుగర్ బయటపడింది. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి మూడుసార్లు రక్తం తీస్తారే, ఆ టెస్ట్‌లో. పరగడుపున 92 లోపు ఉండాలి, నాది 101. "కాన్పయ్యాక చాలామందికి తగ్గిపోతుంది" అన్నారు డాక్టర్. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికొచ్చేశాం. ఖర్చు సంగతి అప్పుడు తట్టనేలేదు.

కాన్పుకని కొంత దాచుకున్నాం. ముందు కరిగింది ఆ డబ్బే. ఇంట్లో షుగర్ చూసుకునే మీటర్‌కి పరగడుపున ఒకటి, మూడు పూటలా తిన్నాక ఒక్కోటి, రోజుకి 4 స్ట్రిప్స్. 12 వారాలకి 336. చుక్క చాలక మీటర్ ఎర్రర్ కొట్టినవి వేరే. ఆపైన ఇన్సులిన్, అదనపు స్కాన్‌లు. వెళ్లిన ప్రతిసారీ ఇద్దరికీ సగం రోజు జీతం కోత. అది ఏ బిల్లులోనూ కనపడదు.

అందుకే ఒక తెలివితక్కువ పని చేశా. మధ్యాహ్నం చెక్ మానేశా, తర్వాత రాత్రిది కూడా. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా.

రీడింగ్‌లు రాసుకునే నోట్‌బుక్ తిరగేస్తూ సిస్టర్ ఆ ఖాళీ గళ్ల మీద వేలు పెట్టి ఆగారు. తిడతారనుకున్నా. "స్ట్రిప్స్ పొదుపు చేస్తున్నావా అమ్మా?" అన్నారు మెల్లగా. అక్కడే ఏడ్చేశా. నెలలు నిండేకొద్దీ మాయలో (ప్లాసెంటా) పుట్టే హార్మోన్ల వల్ల ఇన్సులిన్ అవసరం పెరుగుతుందట. రీడింగ్ లేకపోతే డోసు ఎంత పెంచాలో తెలిసేదెలా? "బిడ్డ మరీ బరువెక్కితే ఆపరేషన్, పుట్టాక షుగర్ పడిపోతే ఐసీయూ. ఆ బిల్లు ముందు ఈ స్ట్రిప్స్ డబ్బా ఎంత?" అన్నారు.

తర్వాతి వారం ఒక కవర్ చేతిలో పెట్టారు. కాన్పయిన ఇంకో అమ్మ మిగిలిన స్ట్రిప్స్ ఇచ్చింది, మీటర్‌తో సహా. ఒక మీటర్ స్ట్రిప్ ఇంకోదానికి పనిచేయదు కదా, ఆ సంగతి కూడా ఆలోచించి పంపింది. ఆమె ఎవరో నాకు తెలియదు. చల్లగా ఉండాలి.

చెకప్ ఉన్న రోజల్లా నా ఉదయం షిఫ్ట్ తను చేసి, సాయంత్రంది నాకిచ్చిన కొలీగ్‌కి కూడా థాంక్స్. నీ వల్ల ఎన్ని సగం జీతాలు మిగిలాయో నా దగ్గర లెక్కుంది. పెద్దవాణ్ణి చూసుకున్న వదినకి ఇక్కడ థాంక్స్ చెబితే తిడుతుంది, అయినా చెబుతున్నా.

పాప పుట్టిన రాత్రి మడమ గుచ్చి షుగర్ చూస్తే తక్కువొచ్చింది. నైట్ డ్యూటీ సిస్టర్ పక్కనే కూర్చుని పాలు పట్టించారు, మళ్లీ చూశారు, పెరిగింది. ఐసీయూ తప్పింది. ఆవిడ పేరు అడగడం మర్చిపోయా.

మొన్న నాకు మళ్లీ గ్లూకోజ్ టెస్ట్ చేశారు, నార్మల్. అయినా ఇకమీద అప్పుడప్పుడూ చూపించుకుంటూ ఉండాలట, చూపించుకుంటా. ఆ మీటర్, రెండు డబ్బాల స్ట్రిప్స్ ఉన్నాయి, ఇంకా ఎక్స్‌పైరీ కాలేదు. అవసరమున్నవాళ్లు మెసేజ్ పెట్టండి. సూదులు, గుచ్చే పెన్ మాత్రం ఎవరివి వాళ్లు కొత్తవి కొనుక్కోండి.